గాజు మీది ప్రతిబింబం తీయమంటే చీర జరీ తీసేశారు

‘ఫోటోకు 150 రూపాయలు, అద్దాల మీది ప్రతిబింబాలు మాయం’ అనే ప్రకటన చూసి డబ్బు పంపబోతున్న ఫోటోగ్రాఫర్ మిత్రులు కాస్త ఆగండి. నేను ఆగలేదు. 24 ఫోటోలకు 3,600 రూపాయలు ముందే కట్టాను.

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఒక చీరల దుకాణం షోకేసు ఫోటోలవి. అద్దం వెనుక బొమ్మలకు కట్టిన ధర్మవరం పట్టుచీరలు, అద్దం మీద ఎదుటి వరుస బోర్డులు, ఆగి ఉన్న ఆటో, కెమెరా పట్టుకున్న నేను. తప్పు నాదీ ఉంది. అద్దానికి సూటిగా నిలబడితే, ప్రతిబింబాలను తగ్గించేందుకు లెన్సుకు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ దాదాపు పనిచేయదని తెలుసు. ఆ రద్దీలో పక్కకు జరిగే చోటు లేక అలాగే తీశాను.

నాలుగో రోజు ఫైళ్లు వచ్చాయి. ఆటో పోయింది, నేనూ పోయాను, మాతో పాటు జరీ కూడా పోయింది! ఎర్రచీర అంచు తోమని ఇత్తడి చెంబులా ఉంది. మాస్కును, అంటే ఫోటో పొరలో ఏ భాగం కనిపించాలో ఏది దాగాలో చెప్పే నలుపు తెలుపు చిత్రాన్ని, ఎవరూ చేత్తో గీయలేదు. మెరిసేదంతా ప్రతిబింబమేనని, వెలుగును బట్టి ఒక్కసారిగా సెలెక్ట్ చేసి ముదురు చేసేశారు. పైగా బొమ్మల భుజాల చుట్టూ తెల్లటి గీత.

మాస్కులో తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది, బూడిద రంగు కొంత చూపి కొంత దాస్తుంది. ప్రతిబింబం వెనుక ఉన్న చీరతో కలిసిపోయి ఉంటుంది కనుక ఇక్కడ పనంతా ఆ బూడిద రంగులోనే. నేనే సరిదిద్దుకుందామని, లేయర్లు (పొరలు), మాస్కులు విడివిడిగా ఉండే ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైళ్లు అడిగితే ‘జేపెగ్ ఇచ్చాం కదా’ అన్నారు. జేపెగ్‌లో లేయర్లూ మిగలవు, మాస్కులూ మిగలవు. ఇక దిద్దేది దేన్ని?

డబ్బు కట్టే ముందు మీ దగ్గరున్న అన్నిటికన్నా కష్టమైన ఫోటో ఒకటి ఇచ్చి, పీఎస్‌డీలో గానీ లేయర్లతో సేవ్ చేసిన టిఫ్‌లో గానీ నమూనా తెప్పించుకోండి. ఫోటోషాప్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని లేయర్ పక్కన చిన్నగా కనిపించే మాస్కు చిత్రం మీద క్లిక్ చేస్తే మాస్కు ఒక్కటే కనిపిస్తుంది. అందులో నలుపు, తెలుపు ముద్దలే ఉండి బూడిద ఛాయలు లేకపోతే అక్కడితో మాట ఆపేయండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానన్నాకే సగం డబ్బు వెనక్కి వచ్చింది. మిగతా సగం కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఫోటోలు మళ్లీ తీశాను. వీధి చీకటి పడ్డాక, షోకేసు దీపాలన్నీ వేయించి, నా వెనుక నల్లగుడ్డ పట్టించాను. ఈసారీ ఒక ఆటో వచ్చి ఆగింది గానీ, హెడ్‌లైటు ఆర్పమంటే డ్రైవరు వెంటనే ఆర్పాడు.