నల్ల కాలి మిషను మీద పిల్లల బట్టలు: తొమ్మిదేళ్ళు వాడాక

పిల్లల బట్టలు ఇంట్లో కుట్టుకోవాలన్నా, పాత చీరలూ చొక్కాలూ విప్పి కొత్తగా కుట్టాలన్నా నేరుకుట్టు ఒక్కటే వేసే నల్ల కాలి మిషను చాలు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో ఇది తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. పూలకుట్లూ లతకుట్లూ వేసే తేలిక మిషను కొనాలా, ఇది కొనాలా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే. ఇంట్లో చిన్నపిల్లలుండి, బీరువాలో పాత చీరలుంటే ఇదే కొనండి. టీషర్టులు కుట్టాలన్న కోరికుంటే మాత్రం కొనకండి. ఎందుకో కింద చెప్తాను.

పిల్లల బట్టల్లో పొడుగాటి కుట్టు తక్కువ. రెండేళ్ళ పాప గౌనుకి చంక చుట్టుకొలత పది అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. అంతా వంపే. అక్కడ సూది ఒక్కో కుట్టూ మన చెప్పుచేతల్లో ఉండాలి. కాలి మిషనులో కుడిచెయ్యి చక్రం మీద పెట్టి, ఎడమచేత్తో బట్ట తిప్పుకుంటూ మూడు కుట్లు వేసి ఆగొచ్చు, సూది లోపలే ఉంచి, బట్టని అదిమిపట్టే ఫుట్ ఎత్తి బట్ట మళ్ళించొచ్చు. మోటారు బిగిస్తే ఈ పట్టు పోతుంది. దుప్పట్ల అంచులు కుట్టేవాళ్ళకి మోటారు లాభం, జబ్లాలు కుట్టేవాళ్ళకి కాదు. కరెంటుతో పని లేకపోవడం ఇంకో సుఖం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని అతలాకుతలం చేసి కరెంటు లేకుండా చేసిన రోజుల్లో కూడా ఇది కిటికీ పక్కన వెలుతురులో నడిచింది.

ఈ నల్ల మిషన్లు ఏ కంపెనీవైనా చాలామటుకు పాత సింగర్ 15 నమూనావే. అందుకే కింది దారం చుట్టే బాబిన్లు, వాటిని పెట్టే బాబిన్ కేసులు, ఫుట్లు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. విడిభాగాల కోసం బరంపురం దాకా పోనక్కర్లేదు, కుట్టు సామాన్ల కొట్లోనే దొరుకుతాయి. సూదులు కొనేటప్పుడు మాత్రం చూసుకోవాలి. ఇంటి మిషను సూది కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది, ఫ్యాక్టరీ మిషన్ల సూది కాడ గుండ్రంగా ఉంటుంది. గుండ్రటిది ఇస్తే తిరిగి ఇచ్చేయండి. సూది మీద పొడుగునా ఒక గాడి ఉంటుంది. దారం ఎటువైపు నుంచి కన్నంలోకి దూరుతుందో ఆ గాడి అటువైపు ఉండాలి, చదును భాగం దానికి ఎదురుగా. తిరగేసి బిగిస్తే కుట్టు పడదు, లేదా మూడింటికి ఒకటి తప్పిపోతుంది. పట్టుకీ పల్చటి మల్లు గుడ్డకీ 11 నెంబరు, మామూలు నూలుకి 14, జీన్సుకి 16. ఎనిమిది గంటల కుట్టుపని అయ్యాక సూది మార్చేయండి. మొద్దుబారిన సూది పాత చీరలో పోగుని పక్కకి నెట్టదు, తెంపేస్తుంది.

అందరూ పడే ఇబ్బంది ఒకటుంది. బట్ట కిందవైపు దారం ఉండలు కడుతుంది. వెంటనే బాబిన్ కేసు విప్పి దాని మర తిప్పేస్తారు. తప్పు కింద లేదు, పైన ఉంది. పై దారం బిగింపు పళ్ళేల మధ్యకి సరిగ్గా దిగలేదన్నమాట. ఫుట్ దించి దారం ఎక్కిస్తే ఆ పళ్ళేలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మీదుగా జారిపోతుంది. ఫుట్ ఎత్తి మళ్ళీ ఎక్కించండి, పది సార్లలో తొమ్మిది సార్లు అక్కడితో పోతుంది. బట్ట పైవైపు ఉండలు కనపడితేనే బాబిన్ సంగతి చూడాలి. దారం కొస పట్టుకుని కేసుని వేలాడదీసి చిన్నగా కుదపండి. అంగుళం జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. సర్రున కింద పడితే మర పావు చుట్టు బిగించాలి, అస్సలు కదలకపోతే పావు చుట్టు వదలాలి.

ఇక పాత చీర. దీన్ని మించిన గుడ్డ పిల్లలకి లేదు. ఎన్నో ఉతుకులు తిని మెత్తబడి ఉంటుంది, ఇక ముడుచుకోదు, ఒరుసుకోదు. జూన్ ఉక్కలో ఒడియావాళ్ళ రజొ పండక్కి ఉయ్యాల ఊగే ఆడపిల్లలకి కొత్త పాలిస్టరు గౌను కంటే పాత సంబల్‌పురి నూలు చీర గౌను హాయి. అయితే చీర అంతా ఒకేలా అరగదు. కూర్చునే చోటా, ఫాల్ కుట్టిన చోటా ముందు పలచబడుతుంది. పరిచిన చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి, వెలుతురు ఎక్కువ వచ్చే చోట చాక్‌తో గీత గీసి వదిలేయండి. బాగున్నట్టు కనపడే చోట కూడా రెండు బొటనవేళ్ళతో గట్టిగా లాగి చూడాలి. చిటచిటమంటే పైబట్టకి పనికిరాదు. ఎర్ర అంచు ఉంటే తెల్లగుడ్డ తడిపి అంచు మీద అదిమిపెట్టండి. రంగు దిగితే లేతరంగు గుడ్డతో కలపొద్దు.

నాలుగేళ్ళ పాపకి చేతుల్లేని గౌను లెక్క ఇది. ఛాతీ 23 అంగుళాలు, వదులు 3, మొత్తం 26. గౌను పొడుగు 22, అందులో భుజం నుంచి నడుము దాకా 9, నడుము కింద 13. చీర వెడల్పు 46 అంగుళాలు, రెండు వైపులా అంచు ఉంది. ఆ చీరలో బాగున్న 56 అంగుళాల ముక్క తీసుకోండి. పై అంచు వెంట 13న్నర, కింది అంచు వెంట 13న్నర అంగుళాల వెడల్పుతో రెండు పట్టీలు కత్తిరిస్తే రెండు గౌన్లకి పావడాలు వచ్చేశాయి. చీర అంచే గౌను అంచు కాబట్టి కింద మడిచి కుట్టే పని లేదు. మధ్యలో 19 అంగుళాల పట్టీ మిగులుతుంది. అందులో పై భాగాలని చీర పొడుగు దిశలో నిలువుగా వేయండి, ఒక్కోటి 10 అంగుళాల పొడుగు, ముందుది 15, వెనకది 16 వెడల్పు. రెండు గౌన్లకి నాలుగు ముక్కలు, 40 అంగుళాలు. మిగిలిన 16 అంగుళాల్లో మెడకీ చంకలకీ ఏటవాలు పట్టీలు తీయొచ్చు, అంగుళంపావు వెడల్పుతో, సరిగ్గా నలభై ఐదు డిగ్రీల ఏటవాలులో. మీటరున్నర చీరకి రెండు గౌన్లు.

మెడ దగ్గర చాలామంది బోల్తా పడతారు. మెడ వెడల్పు 5, ముందు లోతు 3, వెనక 2 పెడితే చూడ్డానికి అందంగా ఉంటుంది, చుట్టుకొలత 16కి మించదు. నాలుగేళ్ళ పిల్ల తల చుట్టుకొలత 20 అంగుళాలు. గౌను తలలోంచి దిగదు. వెనక 4 అంగుళాల చీలిక ఇచ్చి పైన ఒక్క టిచ్ బటన్ పెట్టండి. మూడేళ్ళలోపు పిల్లలకి గుండీలు వద్దు, ఊడితే నోట్లోకే పోతాయి. మెడ దగ్గర లాగి కట్టే తాళ్ళు అసలే వద్దు.

కుచ్చులకి రెండు వరసల పొడుగుకుట్టు వేయాలి, అంగుళానికి ఆరు కుట్లు, పై దారం బిగింపు కాస్త వదులు చేసి. కొస నుంచి పావు అంగుళం దగ్గర ఒకటి, అర అంగుళం దగ్గర ఇంకోటి. లాగాల్సింది బాబిన్ దారాన్ని. 56 అంగుళాలూ ఒకేసారి లాగితే దారం తెగి మొదటికొస్తుంది, అందుకని 28 దగ్గర ఆపి రెండు ముక్కలుగా వేయండి. పై భాగాన్నీ పావడానీ నాలుగేసి భాగాలు చేసి గుర్తులు కలిపి టాకాలు వేశాకే కుట్టండి. అస్తరు కోసం కొన్న కొత్త మల్లు గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుని, పాత చీర గుడ్డ పైన బుడగల్లా లేస్తుంది. ఆ గౌను ఇక బాగుపడదు. దారం కూడా నూలుదే వాడండి. గట్టి పాలిస్టరు దారం తెగదు, పాత గుడ్డనే కుట్టు వెంట కోసేస్తుంది.

బరంపురం పట్టు చీరతో పరికిణీ కుట్టాలంటే ఇంకాస్త ఓపిక కావాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంటే చీలుతుంది, కాబట్టి ముందు మడతల గీతలు వెతికి వాటిని తప్పించి కత్తిరించాలి. గుడి గోపురాల్లాంటి కుంభాల అంచు ఉంటే పక్కకుట్టు దగ్గర కుంభం కొనకి కొన కలిసేలా వేసుకోండి, అర అంగుళం తేడా వచ్చినా కంటికి కొడుతుంది. పట్టు మీద సూది గుచ్చిన చోటల్లా చిల్లు మిగిలిపోతుంది, విప్పి కుట్టడమనేది లేదు. కొత్త 11 నెంబరు సూది, అంగుళానికి పన్నెండు కుట్లు, జారకుండా కింద పల్చటి తెల్లకాగితం. పాత పేపరు పెడితే సిరా అంటుకుంటుంది.

ఆరేళ్ళ లోపు పిల్లలకి పరికిణీ నడుము దగ్గర నిలవదు, దాన్ని బాడీకి కలిపి కుట్టాలి. పెరుగుదలకి మడత ఎక్కడ పెట్టాలన్నది అసలు కిటుకు. అంచు పైన పెట్టే అలవాటు మనకుంది. ఏడాది పోయాక విప్పితే ఆ మేర కొత్తరంగు గీత చారలా కనపడుతుంది. నడుము దగ్గర, జాకెట్టు కింద దాగే చోట పెట్టండి, కుచ్చులు లాగడానికి ముందే. అంగుళం లోతు మడత విప్పితే రెండు అంగుళాలు దిగుతుంది. ఆ వయసులో పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు, అందులో నడుము కిందికి వచ్చేది సగం పైచిలుకు. ఒక్క మడత ఏడాదికి పైగా ఆగుతుంది, రెండు పెడితే మూడేళ్ళు.

చొక్కాలు సులువు. నాన్న చొక్కా కాలర్ దగ్గరా మోచేతుల దగ్గరా చిరుగుతుంది, వీపు కొత్తదానిలా ఉంటుంది. గుండీల పట్టీ విప్పకుండా అలాగే ఉంచి, పిల్లాడి కొలత కాగితం మధ్యగీతని ఆ పట్టీ మధ్యకి పెట్టి కత్తిరించండి. కాజాలు తయారుగా ఉన్నాయి కదా, ఈ మిషను చేయలేని పని ఒకటి తప్పింది. చేతులకి పాత చొక్కా చేతుల కింది భాగమే తీసుకోండి. ప్యాంటు నుంచి నిక్కరుకి మోకాలి కింది భాగమే పనికొస్తుంది, మోకాలి దగ్గర సాగి ఉబ్బిపోయి ఉంటుంది. నడుముకి ముప్పావు అంగుళం ఎలాస్టిక్కు, నడుము కొలత కంటే రెండు అంగుళాలు తక్కువ, గొట్టం అంగుళం. పక్కకుట్ల దగ్గర ఎలాస్టిక్కు మీదుగా నిలువుగా ఒక్కో కుట్టు వేస్తే ఉతికినప్పుడు మెలితిరగదు. నిక్కర్లకి కోట్‌పాడ్ నేత గుడ్డ దొరికితే వదలకండి, దళసరిగా ఉండి మన్నుతుంది, 16 సూది కావాలి.

ఈ మిషను లోటు సాగే గుడ్డ దగ్గర బయటపడుతుంది. టీషర్టు గుడ్డ మీద మామూలు సూది కుట్టు తప్పుతుంది. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింటు సూది వేస్తే కుట్టు పడుతుంది గానీ, పిల్లాడు తలలోంచి లాగగానే మెడ దగ్గర దారం పటుక్కుమంటుంది. నేరుకుట్టు సాగదు, గుడ్డ సాగుతుంది, అంతే సంగతి. పొట్టికుట్టు పెట్టి గుడ్డని కాస్త సాగదీస్తూ కుడితే పక్కకుట్లు ఆగుతాయి, మెడా చేతి కైవారాలూ ఆగవు. గుడ్డ కొసల పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ కూడా లేదు. పలచటి నూలుకి ఆ లోటు తెలియదు. గుడ్డ తప్పువైపులు కలిపి పావు అంగుళంలో ఒక కుట్టు వేసి, కొసలు సమంగా కత్తిరించి, తిరగేసి లోపల ఇంకో కుట్టు వేస్తే పోగులన్నీ లోపల దాగిపోతాయి. పసిపిల్లల ఒంటికి అదే మెత్తన.

ఖర్చు చెప్పుకోదగ్గది లేదు. తోలు పట్టా వానాకాలం సాగి జారుతుంది, అంగుళంలో సగం కోసి మళ్ళీ కొక్కెం వేయాలి. వారానికోసారి బుర్రలోని నూనె కన్నాల్లో ఒక్కో చుక్క మిషను నూనె, బాబిన్ గూట్లో పేరుకున్న నూగు పాత పళ్ళ బ్రష్షుతో దులపడం. కొబ్బరి నూనె మాత్రం వేయకండి. చలికాలం అది గడ్డకట్టి జిగురైపోతుంది, మిషను బరువెక్కుతుంది. నూనె వేసిన రోజు మొదట పాత గుడ్డ మీద జానెడు కుట్టి, మరక లేదని చూసుకున్నాకే పట్టు పెట్టండి.

చిటచిటమన్న చీర ముక్కలు పారేయొద్దు. ఒడియావాళ్ళు కంథా అంటారు, మనం బొంత అంటాం. నాలుగైదు పొరలు పరిచి, పైనా కిందా గట్టిగా ఉన్న ముక్క వేసి, పసిపిల్లలకి గజం పొడుగున కుట్టొచ్చు. దీన్ని మిషను మీద కుడితే ఫుట్ కింద బట్టని నడిపే పళ్ళు కింది పొరని లాగుతాయి, పై పొర వెనకబడి ముడతలు పడుతుంది. మిషను మీద నాలుగు అంచులు మాత్రం కుట్టి, మధ్యలో చేతిసూదితో అంగుళానికో వరస వేయండి.