పరిచయాల కార్డుల పెట్టె: పచ్చవి బాగున్నాయి, ఎర్రవి తొందరపడ్డాయి

కొత్త రూమ్మేట్ వచ్చి 11 రోజులైనా మా మాటలు "తాళం మీ దగ్గరుందా అండి?" దగ్గరే ఆగిపోయాయి. ఆ టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో కొన్న పెట్టె ఇది. కొత్తవాళ్లు ఒకరినొకరు తెలుసుకోవడానికి మూడు రంగుల్లో 60 ప్రశ్నల కార్డులు, ఒక ఇసుక గడియారం, ఒక చిన్న పుస్తకం. మూడు వారాలు వాడాక రాస్తున్నాను.

కార్డులు రాకముందు నేనేం ఖాళీగా కూర్చోలేదు. ఆమె చెప్పులు కొలిచి పెట్టినట్టు గోడకి ఆనించి విడుస్తుందని, అలారం మోగకముందే లేస్తుందని కనిపెట్టాను. ఇద్దరికీ తెలిసిన ఒకావిడని అడిగితే "కాస్త రిజర్వ్‌డ్‌ లే" అంది. ఆ ఒక్క మాటతో నా భయం రెట్టింపైంది.

పెట్టెలోని పుస్తకం చదివితే నవ్వొచ్చింది. నా వేషాలన్నీ అందులో ఉన్నాయి. కొత్తమనిషి ఎదురైతే మనకి ముందు కావలసింది ఆ మనిషి ఎలా నడుచుకుంటుందో ఊహించగలగడం అని చార్లెస్ బర్గర్, రిచర్డ్ కాలబ్రీస్ అనే పరిశోధకులు 1975లో ఒక సిద్ధాంతం చెప్పారట. అందుకు దారులు మూడని బర్గర్ తర్వాత వివరించాడు: దూరం నుంచి చూడడం, పక్కవాళ్లని అడగడం, నేరుగా మాట్లాడడం. మొదటి రెండూ నేను చేసేశాను. మూడోదానికే ధైర్యం చాలలేదు.

పచ్చ కార్డులు ఆ ధైర్యం ఇచ్చాయి. ప్రశ్న నాది కాదు, కార్డుది. ఆరా తీస్తున్నానని ఎవరూ అనుకోరు. "మీకు కోపం వస్తే ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అన్నది ఆమెకి వచ్చింది. కాసేపు ఆలోచించి, "గిన్నెలు తోముతానండి. చప్పుడు కాస్త ఎక్కువ వస్తుంది" అంది.

వారం తర్వాత ఒక సాయంత్రం వంటింట్లోంచి గిన్నెల మోత. ఇదివరకైతే నేనేం తప్పు చేశానా అని రాత్రంతా దొర్లేదాన్ని. ఈసారి గుమ్మం దగ్గర నిలబడి "ఆఫీసులోనా?" అన్నాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని "నీకెలా తెలిసింది?" అంది. మీకు కాదు, నీకు. నేను పెట్టిన డబ్బు గిట్టింది అక్కడే.

మొదటిరోజు లెక్క కచ్చితంగా ఉండేది. ఆమె ఒకటి చెబితే నేనొకటి, ఆమె రెండు వాక్యాలంటే నావీ రెండే. ఎదుటి మనిషి అంతుపట్టనంత కాలమే ఈ చెల్లుకు చెల్లు గట్టిగా నడుస్తుందని పుస్తకంలో ఉంది. మా విషయంలో నిజమే. నాలుగోసారి కూర్చున్నప్పుడు ఆమె వాళ్ల అన్నయ్య సంగతి అరగంట చెప్పింది, నేను ఊ కొడుతూ విన్నాను. బాకీ ఎవరూ అడగలేదు.

ఇక ఎర్ర కార్డులు. "మీరు ఇంతవరకూ ఎవరికీ చెప్పని తప్పు ఏది?" ఇది మాకు వచ్చింది మొదటి రోజే, రెండో కార్డుగా! ఎందుకంటే మూడు రంగులూ కలిపేయమని పెట్టె మీదే రాశారు. లోపలి పుస్తకమేమో కొత్తవాళ్లని దగ్గర చేయడానికి ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వవేత్త బృందం 1997లో ప్రచురించిన 36 ప్రశ్నల పద్ధతిని మెచ్చుకుంటుంది. ఆ ప్రశ్నల గుట్టే మెల్లగా లోతుకి వెళ్లడం కదా. పెట్టె తయారుచేసినవాళ్లు సొంత పుస్తకం చదివినట్టు లేదు. కొనేవాళ్లు రంగులు విడదీసి, పచ్చవి అయ్యాకే మిగతావి తీయండి. ఆ ఒక్కటి తప్ప ఎర్రవి మేమింకా ముట్టుకోలేదు.

భాష కూడా కొన్నిచోట్ల మరీ బిగుసుకుపోయింది. "మీ అంతరంగపు ఆనంద క్షణాన్ని పంచుకోండి" అట, ఎవరు మాట్లాడతారిలా? అది చదివి ఇద్దరం పగలబడి నవ్వాం కాబట్టి పెద్దగా ఫిర్యాదు లేదు.

అసలు చిరాకు ఇసుక గడియారంతో. జవాబుకి రెండు నిమిషాలే. ఆమె నిదానంగా మాట్లాడే మనిషి, అసలు సంగతికి వచ్చేసరికి ఇసుక అయిపోయేది. రెండో రోజే పక్కన పెట్టేశాం. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తున్నాను.

గడియారం ఇప్పుడు బాత్‌రూమ్ అద్దం దగ్గర ఉంది. ఆమె పళ్లు తోముకునేటప్పుడు తిప్పి పెట్టుకుంటోంది.