నవంబరు మ్యూల్ జింకల వేట: మ్యాపులో వెతకాలా, కొండెక్కి చూడాలా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో మ్యూల్ జింక (పెద్ద చెవుల జింక) వేట లైసెన్సు డ్రాలో దక్కింది సరే, జింకలను ఎలా వెతకాలి? ఫోనులోని మ్యాపులోనా, కొండెక్కి కళ్లతోనా?

ఖర్చు: మ్యాపుకు ఫోను చాలు. కొండకు పెట్రోలు, సెలవులు, మంచి బైనాక్యులర్లు కావాలి.

శ్రమ: ప్రభుత్వ భూముల హద్దులు, ఎండ తగిలే దక్షిణపు వాలులు ఇంట్లోనే గుర్తించవచ్చు. కొండ మీదైతే తెల్లవారకముందే చలిలో కాపు కాయాలి.

ప్రమాదం: మ్యాపులోని ఉపగ్రహ ఫొటో చాలాసార్లు ఏ వేసవిదో! మంచు పేరుకుంటే జింకలు సేజ్‌బ్రష్ పొదలున్న దిగువకు దిగిపోతాయి. ఆగస్టులో చూసిన మగజింక కొమ్ముల మీద ఆశలు పెట్టుకోవడం దండగ. నవంబరు మధ్య జతకట్టే కాలం. ఆడజింకల మంద దొరికితే మగది దాన్ని వెతుక్కుంటూ రావచ్చు. ఆ మందను మాత్రం కళ్లతో చూడాల్సిందే.

టెక్సస్ లాంటి వేరే రాష్ట్రం నుంచి వచ్చేవారికి మ్యాపే దిక్కు; ఒకటి రెండు రోజులు ముందే చేరుకోవాలి. కొలరాడోలోనే, డెన్వర్‌లో ఉండేవారు తొలి మంచు పడగానే కొండెక్కడమే మేలు.