తాబేలు గుడ్ల ఇంక్యుబేటర్: తలుపు మీది అంకెను నమ్మవచ్చా?

మా జూ సరీసృపాల విభాగానికి తెప్పించిన ఈ ఇంక్యుబేటర్ నిలువెత్తు అల్మరా రకం. లోపల నాలుగు అరలు, వెనుక ఒక ఫ్యాన్, ముందు గాజు తలుపు, దాని పైన ఎర్ర అంకెల డిస్‌ప్లే. పాముల గుడ్లు పొదిగించినవాళ్లు దీన్ని తెగ మెచ్చుకున్నారు. వాళ్ల మెప్పులో అబద్ధమేమీ లేదు. కానీ నా పని పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల భారీ తాబేళ్లతో. ఆ గుడ్లు లోపల పెట్టేముందు అడగవలసిన ప్రశ్నలు వేరు.

అసలు లోపం ముందే చెప్పేస్తాను. డిస్‌ప్లే 28.0 చూపిస్తుండగా ఒక్కో అరలో విడి థర్మామీటర్ పెట్టి, తలుపు మూసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే పై అరకూ అడుగు అరకూ మధ్య డిగ్రీకి పైగా తేడా. సెన్సర్‌ను ఫ్యాన్ పక్కనే బిగించారు. అది తన చుట్టూ ఉన్న గాలి సంగతే చెబుతుంది, అడుగున ఉన్న గుడ్డు సంగతి దానికి పట్టదు. ఇంకో రకం గుడ్లయితే పిల్లలు కాస్త ముందో వెనకో వస్తాయని సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ డిగ్రీయే ఆడా మగా తేల్చేస్తుంది. ఈ తాబేళ్లలో లింగాన్ని నిర్ణయించేది పొదిగే కాలంలో గుడ్డుకు తగిలే వేడి. 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర పుట్టేవి ఎక్కువగా మగవి, 29.5 దగ్గర ఎక్కువగా ఆడవి. మొత్తం వ్యవహారం ఆ డిగ్రీన్నరలోనే ఉంది. పై అరలో ఆడవి, కింది అరలో మగవి పుట్టించే పెట్టెకు దశాంశ స్థానం వరకు అంకె చూపించే డిస్‌ప్లే ఎందుకో తయారుచేసినవాళ్లే చెప్పాలి.

ఆడా మగా లెక్క ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే గాలపాగోస్ దీవుల్లో ఒకటైన ఎస్పన్యోలా చరిత్ర చాలు. 1963 నుంచి 1974 వరకు వెతికితే ఆ దీవిలో దొరికినవి 12 ఆడ తాబేళ్లు, 2 మగ తాబేళ్లు. వాటిని శాంటా క్రూజ్ దీవిలోని పెంపక కేంద్రానికి చేర్చారు. మూడో మగది శాన్ డియేగో జూలో ఉందని తేలి, 1970లలో దాన్నీ రప్పించారు. డియేగో అని ప్రపంచమంతా పిలిచినది దాన్నే. ఆ పదిహేనింటి సంతానమే దాదాపు రెండు వేలై దీవిని మళ్లీ నింపింది. 2020 జూన్‌లో ఆ పదిహేనింటినీ సొంత దీవికి తిరిగి పంపారు. మగవి మూడే ఉన్నా పని నడిచింది. ఆడవి మూడే ఉండి ఉంటే?

జూలలో ఇబ్బంది ఇంకో రకం. మగ గాలపాగోస్ తాబేలు రెండు వందల కిలోలు దాటి పెరుగుతుంది. ఒకే ఆవరణలో రెండు మగవి ఉంటే మెడలు నిక్కించి ఎత్తులు పోల్చుకుంటాయి, నోరు తెరిచి బెదిరిస్తాయి, కరుస్తాయి కూడా. చలిదేశాల జూలలో వీటికి ఏడాదిలో సగం కాలం వేడిచేసిన గది కావాలి. అక్కరలేని మగ తాబేలును తీసుకునే జూ దొరకడం కష్టం. పైగా పిల్లను చూసి ఆడో మగో చెప్పలేం. డిప్ప అడుగు భాగం లోపలికి వంగిందా, తోక పొడవుగా ఉందా అన్నది తేలడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. పశువైద్యులు సన్నని కెమెరా గొట్టంతో ముందే చూడగలరు గానీ దానికి మత్తు ఇవ్వాలి. అంటే ఈ యంత్రం చేసిన పొరపాటు దాని వారంటీ ముగిసిన చాలా ఏళ్లకు గానీ బయటపడదు. అమ్మేవాళ్లకు ఇంతకన్నా సుఖమైన సరుకు ఉంటుందా?

దీనికి విరుగుడు ఉంది. మధ్య రెండు అరలు మాత్రమే వాడండి. గుడ్ల పెట్టెలో, గుడ్డు పక్కనే విడి థర్మామీటర్ మొనను పెట్టి దాని అంకెనే రాసుకోండి. డిస్‌ప్లే ఎంత చూపించినా దాని జోలికి పోవద్దు. మధ్య అరల్లో వేడి నిజంగానే నిలకడగా ఉంది, అది ఒప్పుకోవాలి.

రెండో సంగతి కొనేముందే అడిగి తీరాలి. ఇది వేడి చేస్తుంది, చల్లబరచదు. గదిలో 31 డిగ్రీలుంటే పెట్టెలో 28 ఎలా వస్తుంది? రాదు. హీటర్ ఆగిపోతుంది, ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతుంది, గుడ్లు గది వేడికే చేరుకుంటాయి. ప్రకటనలో ‘ఉష్ణోగ్రత నియంత్రణ’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. నియంత్రణ ఒకవైపే అన్న మాట చిన్న అక్షరాల్లో కూడా లేదు. ఎండ పడే గదిలో పెట్టేవాళ్లు ఇది కొనకండి, చల్లబరిచే ఏర్పాటు ఉన్న రకం చూసుకోండి. మేము ఎండ తగలని లోపలి గదిలో పెట్టుకున్నాం కాబట్టి గండం గడిచింది.

ఇప్పుడు మెచ్చుకోవలసినది. గుడ్లు పెట్టకముందే ప్లగ్ పీకి చూశాను. కరెంటు తిరిగి రాగానే పాత సెట్టింగ్‌నే పట్టుకుంది. ఇది చిన్న విషయం కాదు. కోడిగుడ్ల కోసం చేసిన కొన్ని యంత్రాలు కరెంటు పోయి వస్తే ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు, అంటే 37.5కు వెళ్లిపోతాయి. తాబేలు పిండాలకు అది చావే. అలారం కూడా గట్టిగానే మోగుతుంది. అయితే గదిలోనే మోగుతుంది. తెల్లవారుజామున ఆ గదిలో ఉండేది గుడ్లు మాత్రమే. ఫోనుకు కబురు పంపే పరికరం వేరుగా కొనక తప్పలేదు.

దీనితో పాటు ఉచితమంటూ గుడ్లు తిప్పే ట్రే ఒకటి ఇచ్చారు. విప్పి అటకెక్కించండి. కోడి తన గుడ్లను రోజూ దొర్లిస్తుంది. తాబేలు గోతిలో పెట్టి, మట్టి కప్పి, వెళ్లిపోతుంది. పెట్టిన కొద్ది కాలానికే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును బోర్లిస్తే పిండం చచ్చిపోవచ్చు. అందుకే గోతిలోంచి తీసేటప్పుడే పై భాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ గుర్తు పైకే ఉండేలా పెట్టెలోకి చేరుస్తాం. పెన్నుల రంగు పెంకులోకి ఇంకుతుందని మా విభాగంలో పెన్సిలే వాడతారు. గుడ్డు టెన్నిస్ బంతి అంత ఉంటుంది. అర ఎత్తు దానికి సరిపోయింది, మూత ఉన్న పెట్టె పెట్టినా తగలలేదు.

తేమ దగ్గర మళ్లీ గొణుగుడే. అడుగున నీళ్ల పళ్లెం ఉంది గానీ ఆగకుండా తిరిగే ఫ్యాన్ తేమను లాగేస్తుంది. మేము తడి వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) నింపిన డబ్బాల్లో గుడ్లను సగం వరకు పూడ్చి, సన్నని రంధ్రాలున్న మూత పెడతాం. డబ్బాను తరచూ తూచి, తగ్గిన బరువు మేరకు నీళ్లు కలుపుతాం. ఆ నీళ్లు గుడ్డు మీద పడకూడదు. అలా చేస్తే నీళ్ల పళ్లెం ఉన్నా లేనట్టే.

ఇక కరపత్రంలో రాసిన ‘తొంభై శాతం పిల్లలు గ్యారంటీ’. ఈ వాక్యం రాసినవాళ్లు తాబేలు గుడ్డును చూసి ఉండరు. గాలపాగోస్‌లోనే ఉన్న పింటా దీవి జాతిలో మిగిలిన చివరి తాబేలు, లోన్సమ్ జార్జ్‌తో ఉంచిన ఆడవి 2008లో గుడ్లు పెట్టాయి. వాటిని ఎంతో శ్రద్ధగా పొదిగించారు. ఒక్కటీ పిల్ల కాలేదు. 2012 జూన్ 24న జార్జ్ చనిపోయింది, ఆ జాతి అంతటితో సరి. ఫిలడెల్ఫియా జూలో ‘మమ్మీ’ అనే ఆడ తాబేలు 1932 నుంచి ఉంది. దాని గుడ్ల నుంచి పిల్లలు రావడం 2025లోనే మొదలైంది, అప్పటికి దాని వయసు సుమారు వందేళ్లు. ఇన్నేళ్లూ ఇంక్యుబేటర్ లేక ఆగిందా? జంట కుదరాలి. ఆడదానికి పీచు ఎక్కువగా, మాంసకృత్తులు తక్కువగా ఉండే గడ్డి మేత, కాల్షియం, అతినీలలోహిత కిరణాలు అందాలి. తవ్వుకోవడానికి లోతైన మెత్తని నేల కావాలి. వెనుక కాళ్లతో గంటల తరబడి తవ్వి, మూత్రంతో మట్టిని తడిపి, మళ్లీ తవ్వే జంతువు అది. నేల నచ్చకపోతే తిరిగి తిరిగి చివరకు గట్టి నేల మీదే గుడ్లు జారవిడుస్తుంది. పగిలిన గుడ్డుకు ఏ యంత్రం ఏం చేస్తుంది? ఇంక్యుబేటర్‌కు డబ్బు మంజూరు చేసి, నాలుగు బండ్ల ఇసుక మట్టి అడిగితే వచ్చే ఏడాది చూద్దామనే పైవాళ్లు అన్నిచోట్లా ఉంటారు.

గాజు తలుపు గురించి రెండు మాటలు. లోపల ఏం జరుగుతోందో తలుపు తీయకుండా కనబడుతుంది, అది సుఖం. నాలుగు నెలలకు పైగా ఎదురుచూశాక పెంకు మీద మొదటి పగులు కనబడినప్పుడు ఈ గాజే కాపాడింది. పిల్ల మూతి బయటపెట్టి, మిగిలిన పచ్చసొనను ఒంట్లోకి పీల్చుకునేవరకు పెంకులోనే రోజుల తరబడి కూర్చుంటుంది. సాయం చేద్దామని పెంకు ఒలిస్తే దానికే చేటు. తలుపు తీయాల్సిన పని లేకపోవడంతో చేతులు కట్టుకుని నిలబడగలిగాం. కాకపోతే ఆ గాజు తలుపు చూసినవాళ్లందరికీ అది తెరిచి చూడాలనిపిస్తుంది. తాళం లేదు. మేమే ఒక గొళ్లెం బిగించుకున్నాం.

ఎండ పడని గది, విడి థర్మామీటర్లు, ఫోను అలారం ఉన్నవాళ్లు దీన్ని నిశ్చింతగా కొనవచ్చు. ఇవేవీ లేకుండా డిస్‌ప్లేను నమ్ముకుని గుడ్లు పెట్టేవాళ్లకు వద్దు. ఐదింటికి మూడున్నర మార్కులు ఇస్తున్నాను. కోసిన మార్కుల్లో ఒకటి పూర్తిగా ఒక రంధ్రం కోసం. థర్మామీటర్ తీగ లోపలికి పోవడానికి పక్క గోడలో దారి లేదు. తలుపు రబ్బరు సందులోంచి లాగితే తలుపు సరిగా మూసుకోదు. మనమే రంధ్రం చేసుకుంటే వారంటీ చెల్లదట.