పాత్రకు అలైన్‌మెంట్ పెట్టాలా, ఆశయం రాసుకోవాలా?

హనుమకొండలో నలుగురు స్నేహితులు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పోషిస్తూ కలిసి కథ నడిపే ఆట) మొదలుపెట్టినా ఈ ప్రశ్న తప్పదు. అలైన్‌మెంట్ అంటే పాత్ర నైతికంగా ఏ వర్గమో చెప్పే ముద్ర. 1974లో ఆట వచ్చినప్పుడు ధర్మం, తటస్థం, అరాచకం అని మూడే వర్గాలు. 1978 నాటికి మంచిచెడులు కూడా కలిసి తొమ్మిదయ్యాయి. 2014 నియమాల్లో వాటి పట్టు బాగా సడలి, ఆశయం, బంధం, లోపం ముందుకొచ్చాయి.

ఖర్చు: రెండింటికీ అదనంగా ఏమీ లేదు.

శ్రమ: అలైన్‌మెంట్‌కు రెండు మాటలు చాలు. ఆశయం, బంధం, లోపం రాయాలంటే కూర్చుని ఆలోచించాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పాత నియమాల్లో పాలడిన్ అనే పవిత్ర యోధుడు తెలిసి చెడ్డపని చేస్తే శక్తులు పోతాయి. మరి ఏది చెడ్డపని? మేడారం కథనే తీసుకోండి. కరువులో కప్పం కట్టలేమన్న పగిడిద్దరాజు మీదికి కాకతీయ సైన్యం వచ్చింది. ఆ సైన్యంలో ఒక సైనికుడు మీ పాత్ర. ‘ధర్మబద్ధమైన మంచివాడు’ అని రాసుంటే ఆజ్ఞ పాటించాలా, ఆకలితో ఉన్నవాళ్ల పక్కన నిలబడాలా? ఆట ఆగి వాదన మొదలవుతుంది. అదే ‘రాజుకు మాటిచ్చాను’ అన్నది బంధం, ‘ఆకలితో ఉన్నోళ్ల గింజ ముట్టను’ అన్నది ఆశయం అయితే, ఆ నలుగుబాటే కథ అవుతుంది. నాకు ఇదే ఇష్టం. కాకపోతే రాసుకున్నది మధ్యలో మర్చిపోయేవాళ్లు ఎక్కువ, గుర్తుచేస్తూ ఉండాలి.

ఒక్క ఆదివారం ఆట, అందరూ కొత్తవాళ్లు: అలైన్‌మెంట్.
నెలల తరబడి సాగే కథ: ఆశయం, బంధం.
దేవతలు, రాక్షసుల లోకాలే కథకు కేంద్రమైతే: వాళ్లకు మాత్రం అలైన్‌మెంట్ ఉంచి, మనుషుల పాత్రలకు తీసేయండి.