సర్వర్‌లో అందరికీ కబురు పంపాలంటే ఏది మేలు: బీసీసీనా, ఏలియాసా, స్క్రిప్టా?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా దాటాక వచ్చే మంగళవారం. ఆ రోజు ఊరంతా మూడు లాంతర్ల కూడలికీ కోటకీ మధ్యే ఉంటుంది. మా కాలేజీ లైనక్స్ సర్వర్ ఆపి డిస్క్ మార్చుకోవడానికి అంతకన్నా అనువైన రోజు దొరకదు. అయితే 400 మంది యూజర్లకీ ముందే మెయిల్ అందాలి.

"ఒకరిది ఇంకొకరికి కనపడకుండా అడ్రసులన్నీ బీసీసీలో పెట్టేస్తే అయిపోద్ది కదా మాస్టారూ" అన్నాడు ల్యాబ్ కుర్రాడు. అవుతుంది, చెయ్యి జారనంత వరకు. నేను ఇదివరకు పనిచేసిన చోట ఒకాయన తొందరలో, అందరి అడ్రసులూ అందరికీ కనిపించే సీసీలో పెట్టేశారు. "నన్ను తీసేయండి" అంటూ ఒకరు అందరికీ జవాబిచ్చారు. అది చూసి ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. సాయంత్రానికి అసలు కబురు ఆ గోలలో ఎక్కడో పడిపోయింది. పైగా మామూలు జీమెయిల్ అకౌంట్ నుంచి పంపితే రోజుకు 500 దగ్గర ఆగిపోతుంది.

ఏలియాస్, అంటే అందరి అడ్రసులకూ కలిపి పెట్టే ఒక్క మెయిల్ పేరు, ఇంతకంటే నయం. ఏలియాసెస్ ఫైల్‌లో ఒక పేరు రాసి, దానికి ఇంక్లూడ్‌తో అడ్రసుల ఫైల్ తగిలిస్తే చాలు. ఆ కొత్త పేరును మెయిల్ సర్వర్‌కు తెలిపే న్యూఏలియాసెస్ కమాండ్ ఒక్కసారి ఇస్తే సరిపోతుంది, తర్వాత జాబితా మారినా మళ్లీ ఇవ్వక్కర్లేదు. నాకు నచ్చనిది ఒక్కటే: ఆ అడ్రస్ ఎప్పటికీ అక్కడే ఉంటుంది. దాని పేరు తెలిసిన ఎవరైనా అందరికీ రాయగలరు. మెయిల్ నడిపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో బయటివాళ్లను ఆపొచ్చు. కానీ ఎస్‌ఎమ్‌టీపీ (నెట్‌వర్క్ మీద మెయిల్ పంపే పద్ధతి) మీద పెట్టిన ఆ ఆంక్షలు, సర్వర్‌లోనే లాగినై సెండ్‌మెయిల్ కమాండ్‌తో పంపేవాళ్లకు వర్తించవు. మా యూజర్లంతా లాగినయ్యేవాళ్లే మరి!

మెయిలింగ్ జాబితాలు నడిపే మెయిల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్ మంచిదే. ప్రకటనలు మాత్రమే వెళ్లేలా పెట్టుకోవచ్చు, పాతవన్నీ దాచుకోవచ్చు. నెలనెలా పంపేవాళ్లకు అదే సరి. ఏడాదికి రెండుసార్లు పంపే మాకు దాన్ని నిలబెట్టి, అప్‌డేట్లు చూసుకోవడమే పెద్ద పని.

అందుకే నా ఓటు, కమాండ్లను వరుసగా నడిపే చిన్న షెల్ స్క్రిప్ట్‌కి. యూజర్ల జాబితా ఉండే పాస్‌వర్డ్ ఫైల్ చదివి, యూఐడీ (యూజర్ నంబరు) 1000 నుంచి ఉన్న పేర్లు తీసుకుంటుంది. 65534తో ఉండే నోబడీ అనే సిస్టమ్ అకౌంట్‌ని వదిలేస్తుంది. లేకపోతే సిస్టమ్ అకౌంట్లకూ మెయిళ్లు పోతాయి. ఒక్కొక్కరికీ వాళ్ల అడ్రస్‌తోనే విడిగా పంపి, ఒక సెకను ఆగుతుంది. 400 మందికి ఏడు నిమిషాల లోపే పని అయిపోతుంది. మెయిల్‌ని జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ సెకను విరామం అవసరమే. ఒకేసారి కుమ్మరిస్తే అవతలి సర్వర్ కాసేపు తీసుకోనంటుంది. పని ముగిశాక దుర్వినియోగం చేయడానికి ఏ అడ్రసూ మిగలదు.

మొదట నా ఒక్కడికే పంపి చూసుకుంటాను. సబ్జెక్టులోనే తేదీ, సర్వర్ ఆగే వేళ, తిరిగొచ్చే వేళ రాస్తాను. మెయిల్ తెరవనివాళ్ల కోసం అవే వివరాలు మోటీడీ అనే ఫైల్‌లో పెడితే లాగిన్ అవగానే కనిపిస్తాయి. సర్వర్ ఆపే అరగంట ముందు లాగినై ఉన్నవాళ్లందరి తెర మీదా సందేశం చూపే వాల్ కమాండ్‌తో ఇంకోసారి చెబుతాను. పండగ పూట కూడా ప్రాజెక్టు రాసుకునే పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లు ఫైల్ సేవ్ చేసుకునేదాకా ఆగి, అప్పుడే సర్వర్ ఆపుతాను.