పదహారు వర్కర్ల నుంచి ఆరుకు: మూడేళ్ల వాడకం తర్వాత సెల్‌ప్రొఫైలర్

గుంటూరు చుట్టుపక్కల మిరప చేలలో కట్టిన నీలిరంగు జిగురు అట్టలను ఫొటోలు తీసి, వాటికి అంటుకున్న తామర పురుగులను లెక్కించడానికి మూడేళ్లుగా సెల్‌ప్రొఫైలర్‌ను వాడుతున్నాను. 2006లో తొలి పరిశోధన పత్రం వెలువడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ జీవకణాల ఫొటోల కోసం పుట్టినదే అయినా, పురుగులను గుర్తించడంలోనూ నన్ను నిరాశపరచలేదు. నేను ఎక్కువ కాలం తప్పుగా ఉంచుకున్నది ఒక్క సెట్టింగునే.

ప్రిఫరెన్సెస్‌లో ‘మాగ్జిమమ్ నంబర్ ఆఫ్ వర్కర్స్’ అనే గడి ఉంటుంది; ఒకేసారి ఎన్ని వర్కర్లు, అంటే ఫొటోలను పక్కపక్కనే విశ్లేషించే ప్రోగ్రామ్ ప్రతులు, నడవాలో అది చెబుతుంది. కంప్యూటర్‌లో ఎన్ని ప్రాసెసర్లు కనిపిస్తే అందులో మొదట అంతే సంఖ్య ఉంటుంది. నా యంత్రంలో కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) 8 అయినా ఒక్కో కోరు రెండుగా కనిపిస్తుంది కాబట్టి ఆ గడిలో 16 ఉండేది, నేనూ దాన్ని ముట్టుకోలేదు. ఒక్కో వర్కరు విడి ప్రాసెస్‌గా నడుస్తూ తన ఫొటోను తానే ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. 6000×4000 పిక్సెళ్ల రంగుల ఫొటో డిస్కు మీద జేపెగ్‌గా కొద్ది మెగాబైట్లే ఉన్నా, మూడు రంగులకూ పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున విప్పితే 288 మెగాబైట్లవుతుంది; ఆపై బూడిద రంగు ప్రతి, నేపథ్యం తీసేసిన ప్రతి, గుర్తించిన పురుగుల పటం వరుసగా తోడవుతాయి. 32 జీబీ ర్యామ్ నిండిపోయి యంత్రం డిస్కును అరువు తెచ్చుకోవడం మొదలుపెడితే, పదహారు వర్కర్లూ డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

అందుకే ఇప్పుడు కొత్త పైప్‌లైన్ (ప్రతి ఫొటో మీద వరుసగా చేయాల్సిన పనుల జాబితా) రాసిన ప్రతిసారీ ముందుగా వర్కర్ల సంఖ్యను 1కి దించి, పురుగులు బాగా దట్టంగా ఉన్న అట్ట ఫొటోను నడిపి, ర్యామ్ ఎంత ఎత్తుకు వెళ్తుందో టాస్క్ మేనేజర్‌లో చూస్తాను. నా ప్రస్తుత పైప్‌లైన్‌లో అది దాదాపు 3.5 జీబీ. విండోస్‌కూ మిగతా పనులకూ 6 జీబీ వదిలేస్తే మిగిలిన 26లో ఏడు వర్కర్లు పడతాయి. ఆరుకూ ఏడుకూ వేగంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కనుక ఆరు దగ్గరే స్థిరపడ్డాను. ఖాళీ అట్టతో కొలిస్తే మాత్రం లెక్క తప్పుతుంది. మొదట్లో నేను చేసిన పొరపాటు అదే.

ఎన్ని వర్కర్లున్నా కలిసిరాని పని ఒకటుంది. ఫొటోలన్నిటి సగటుతో వెలుతురు తేడాను లెక్కగట్టే మాడ్యూల్‌కు అన్ని ఫొటోలూ ఒకేచోట కావాలి, అందువల్ల ఆ దశలో ఒక్క వర్కరే పనిచేస్తుంది. దాన్ని లెక్కింపుతో కలిపి ఉంచినంతకాలం మిగతా వర్కర్లు ఖాళీగా ఉండేవి. వెలుతురు లెక్కను వేరే పైప్‌లైన్‌గా ముందే నడిపి, ఫలితాన్ని ఫైలుగా దాచుకున్నాకే ఆరు వర్కర్లూ మొదటి నుంచి చివరిదాకా నిండుగా పనిచేశాయి.

మే నెలలో మా గదిలో మధ్యాహ్నపు వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి, ఆ రోజుల్లో వర్కర్లను నాలుగుకు దించి పెద్ద బ్యాచ్‌లను రాత్రికి పెడుతున్నాను.